నాన్న నోట్‌బుక్‌లో అమ్మ మాట

ప్రశ్న

అక్కా, వందనాలు.

మేము మల్కాజిగిరిలో ఉంటాం. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. మా తాతల ఊరు మెదక్ దగ్గర పల్లె. మెదక్ చర్చి కట్టేటప్పుడు మా ముత్తాత రాళ్ళు మోశాడని నాన్న ఎప్పుడూ చెప్పేవారు.

1999 నుంచి మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. క్రిస్మస్ రోజు రాత్రి భోజనాలయ్యాక హాల్లో చాపలు పరుచుకుని అందరం కూర్చుంటాం. ఏడాది ఎలా గడిచింది, దేవుడు ఏం మేలు చేశాడు, ఎక్కడ కష్టం వచ్చింది, ఎవరితో మాట తేడా వచ్చింది, ఒక్కొక్కరం చెప్పాలి. నాన్న ఒక లాంగ్ నోట్‌బుక్‌లో అందరి మాటలూ రాసేవారు. చివర్లో తన మాట రాసుకుని, ప్రార్థన చేసి ముగించేవారు. 2020లో కరోనాతో చిన్నాన్న పోయిన ఏడు మాత్రం ఎవర్నీ మాట్లాడమనలేదు. కాసేపు అలా కూర్చున్నాం. ఆ పేజీలో తేదీ, కూర్చున్నవాళ్ళ పేర్లు తప్ప ఇంకేం లేదు.

పోయిన క్రిస్మస్‌కి మెదక్ చర్చికి నూరేళ్ళు నిండాయని నాన్న పట్టుబడితే, మోకాళ్ళ నొప్పులతోనే తీసుకెళ్ళాం. ఫిబ్రవరిలో గుండెపోటు వచ్చి ప్రభువు పిలుపు అందుకున్నారు.

ఇప్పుడు అమ్మ "ఈ ఏడు ఏమీ వద్దు" అంటోంది. పెద్దమ్మ "ఏడాది తిరక్కుండా కొత్త బట్టలేంటి, స్టార్ ఏంటి, నలుగురూ ఏమనుకుంటారు" అంటోంది. డాలస్‌లో ఉన్న తమ్ముడేమో "నాన్న పెట్టిన అలవాటు ఆపితే నాన్నను మర్చిపోయినట్టే. వీడియో కాల్‌లో నేనుంటాను, నాన్న లాగే అందరితో చెప్పిస్తాను" అంటున్నాడు. నోట్‌బుక్ మొత్తం స్కాన్ చేసి, పుస్తకంలా ప్రింట్ చేయించి, ఫిబ్రవరిలో జ్ఞాపకార్థ కూడికలో అందరికీ పంచాలంటున్నాడు. అందులో 2013లో నాకు గర్భం పోయినప్పుడు చెప్పుకున్న మాటలున్నాయి. వాడి ఉద్యోగం పోయిన ఏడాదివీ ఉన్నాయి.

మా బాబుకి పదిహేనేళ్ళు. పోయినేడు వాడి వంతు వచ్చినప్పుడు ఎవరో మార్కుల మాట ఎత్తారు. "ఈసారి నేను కూర్చోను" అంటున్నాడు. మా పాపకు ఆరేళ్ళు. స్టార్ ఎప్పుడు కడతారని రోజూ అడుగుతోంది.

పోయిన వారం నోట్‌బుక్ తీసి మొదటి నుంచి చదివాను. ఏడుపు ఆగలేదు. అందరి మాటలూ నాన్న ఎంత ఓపిగ్గా రాశారో. అమ్మది మాత్రం ప్రతి ఏడూ ఒకటే ఉంది: "అందరూ చల్లగా ఉండాలి."

25 రాత్రి కూర్చోవాలా, వద్దా? ఎవరి మాట వినాలి?

— ఒక చెల్లెలు, మల్కాజిగిరి

సమాధానం

చెల్లీ, వందనాలు.

కూర్చోవాలా వద్దా అని అడిగావు. దానికి జవాబు చెప్తాను. కానీ నీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది ఆ ప్రశ్న దగ్గర కాదు, దానికి ముందు నువ్వు మామూలుగా రాసి వదిలేసిన మాట దగ్గర. అమ్మది ప్రతి ఏడూ ఒకటే ఉంది అన్నావే, అక్కడ.

1999 నుంచి పోయినేడు దాకా ఇరవై ఆరు క్రిస్మస్‌లు. 2020 తీసేస్తే ఇరవై అయిదు. అన్నిసార్లు మీ అమ్మ వంతు వచ్చింది, అన్నిసార్లూ ఆమె "అందరూ చల్లగా ఉండాలి" అనే అంది. ఆ ఏళ్ళలో కూతురికి గర్భం పోయింది. కొడుకు ఉద్యోగం పోయింది, ఆ కొడుకే దేశం దాటి వెళ్ళాడు. మరిది పోయాడు. భర్త రిటైరై ఇంట్లో కూర్చున్నాడు, మోకాళ్ళు అరిగాయి. వీటిలో ఒక్కదాని గురించి కూడా ఆమెకు చెప్పుకోవాలని లేదంటే నేను నమ్మలేను.

ఇది నా ఊహ, తప్పైతే మన్నించు. క్రిస్మస్ రోజు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. రెండు మూడు రోజుల ముందు నుంచే గరిజెలు, గులాబీ పువ్వులు, మురుకులు. తెల్లవారుజామున ఆరాధనకు అందర్నీ లేపి తయారు చేయాలి. చర్చి నుంచి వచ్చీ రాగానే చీర మార్చుకునే తీరిక కూడా లేకుండా బగారా అన్నానికి నూనె పెట్టాలి, మటన్ కుక్కర్ ఎక్కించాలి. మధ్యాహ్నం నుంచి వచ్చేపోయేవాళ్ళు. ఇరుగుపొరుగుకు డబ్బాల్లో పిండివంటలు సర్ది పిల్లలతో పంపాలి, ఏ డబ్బా ఎవరిదో గుర్తుపెట్టుకోవాలి. రాత్రి మీరంతా చాప మీద కూర్చునేసరికి ఆమె నడుము నిలబడదు. ఒక చెవి మీ మాటల మీద, ఇంకో చెవి స్టవ్ మీద పాల మీద. అప్పుడు "ఇక నువ్వు చెప్పు" అంటే ఏం చెప్తుంది? ఆ ఒక్క మాట అనేస్తే వంతు అయిపోతుంది, లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చు.

మీ నాన్నగారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఇరవై ఆరేళ్ళు ఇంట్లోవాళ్ళ మాటలు కూర్చోబెట్టి విని, రాసిపెట్టిన తండ్రి ఎంతమందికి దొరుకుతాడు? ఆయన అమ్మను అడగకుండా కూడా లేరు, ఏటేటా అడిగారు. పదిమంది ముందు, పని మధ్యలో అడిగారు, అంతే.

లూకా సువార్త రెండో అధ్యాయం మనమంతా డిసెంబర్‌లో ఎన్నిసార్లు వింటామో లెక్కలేదు. గొల్లలు పరుగున వస్తారు, దేవదూతలు చెప్పింది చెప్తారు, విన్నవాళ్ళంతా ఆశ్చర్యపోతారు. మరియ మాత్రం ఆ మాటలన్నీ మనసులో తలపోసుకుంటూ భద్రం చేసుకుందని లూకా రాశాడు. ఆ ఒక్క వాక్యం మీద ప్రసంగం వినడం నాకు చాలా ఇష్టం. అక్కడ అందరూ మాట్లాడుతున్నారు, ఆమె మాట్లాడలేదు. మరి ఆమె మనసులో ఉన్నది లూకాకు ఎలా తెలిసింది? ఎవరో ఎప్పుడో, జనమంతా వెళ్ళిపోయాక, ఆమె పక్కన కూర్చుని అడిగి ఉంటారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నువ్వు అమ్మను అలా అడగాలి, 25 కన్నా ముందే. ఇంట్లో ఇంకెవరూ లేని మధ్యాహ్నం చూసుకో. ఇద్దరి చేతుల్లోనూ ఏదో పని ఉంటే మంచిది. కూర తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో. కళ్ళలోకి చూస్తూ "ఎలా ఉన్నావమ్మా, మనసులో ఏముందో చెప్పు" అని మాత్రం అడగకు. ఆ ప్రశ్నకు మన అమ్మలందరి దగ్గరా ఒకటే జవాబుంటుంది, "నాకేమైంది, బాగానే ఉన్నా." చిన్నది, కచ్చితమైనది అడుగు. పెళ్ళయ్యాక మొదటి క్రిస్మస్‌కి ఎక్కడున్నావు? ఆ రోజు ఏం చీర కట్టావు? వర్క్‌షాపులో ఆ రోజు నాన్నకు డ్యూటీ పడిందా? నేను పుట్టిన ఏడు పండగ చేశారా? ఒక్కటి అడిగి ఊరుకో. ఆమె పది నిమిషాలు ఏమీ మాట్లాడకపోయినా పని చేసుకుంటూ ఉండు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టకు. నీకు చెప్తే నీకు చెప్పినట్టే ఉండాలి. రాత్రి, "అమ్మా, నువ్వు మధ్యాహ్నం చెప్పింది రాసుకోనా?" అని అడిగి, సరే అంటే రాయి. వద్దంటే నీలోనే ఉంచుకో.

ఇక ఆ "ఏమీ వద్దు" సంగతి. ఆ "ఏమీ"లో ఏమేం ఉన్నాయో మీరు ముగ్గురూ ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు. పెద్దమ్మకు అది ఆచారం లాగా వినిపించింది, తమ్ముడికి నాన్నను వదిలేయడం లాగా వినిపించింది. ఆమె వద్దంటున్నది కొత్త చీరనా? వచ్చేపోయేవాళ్ళనా? చర్చిలో ఆయన పక్కన కూర్చునే బల్ల మీద ఒంటరిగా కూర్చోవడాన్నా? చాప మీద ఆయన కూర్చునే చోటు ఖాళీగా చూడటాన్నా? వీటిలో ఏదైనా కావచ్చు. ఒక్కోదాన్నీ విడిగా అడుగు. చర్చికి వస్తాను గానీ వెనక వరసలో, మన సంఘంవాళ్ళు లేచేలోపే వచ్చేద్దాం అనవచ్చు. పిండివంటలు చేస్తాను గానీ ఎవరింటికీ పంపను అనవచ్చు. ఏం చెప్పినా ఆమె చెప్పినంత వరకే చేయండి.

పెద్దమ్మ మాటకు వస్తాను. ఏడాది తిరిగేదాకా పండగ లేదన్నది బైబిల్‌లో ఉన్న లెక్క కాదు. యాకోబు కోసం యోసేపు ఏడు రోజులు దుఃఖించాడని ఆదికాండంలో ఉంది. మోషే కోసం ఇశ్రాయేలీయులు ముప్పై రోజులు ఏడ్చారని ద్వితీయోపదేశకాండంలో ఉంది. ఏడాది అన్నది మన నేల మీది ఆచారం, మన తాతముత్తాతలు క్రైస్తవులయ్యాక కూడా వెంట తెచ్చుకున్నారు. అలాగని దాన్ని తీసిపారేయమని నేను చెప్పను. ఇంటి మనిషి పోయిన ఆడమనిషిని ఆ ఏడు వంట చెయ్, ముస్తాబవ్వు, నవ్వు అని ఎవరూ బలవంతం చేయకూడదని పెట్టుకున్న కట్టుబాటు అది. ఆ మేరకు అందులో దయ ఉంది. మన తెలంగాణలో చాలా ఇళ్ళల్లో చావు తర్వాత వచ్చే మొదటి పండక్కి బంధువులు వచ్చి ఆ ఇంట్లో కూర్చుంటారు కదా, ఒంటరిగా వదిలేయకూడదని. ఆ ఆచారం కూడా మనదే. పెద్దమ్మను ఆ రోజు పొద్దున్నే వచ్చి అక్క లాగా తోడు కూర్చోమను, వస్తూ వండిన కూర తెమ్మను. ఆచారంలో అమ్మకు విశ్రాంతి ఇచ్చేది ఉంచుకో. అమ్మను గదిలో ఒంటరిగా కూర్చోబెట్టేది నలుగురి మాట కోసం పాటించనక్కర్లేదు.

తమ్ముడి గురించి నువ్వు కాస్త కోపంగా రాశావు. అర్థమైంది. అయినా వాడి వైపు నుంచి కూడా చూడు. నీకు నాన్న కుర్చీ ఉంది, చెప్పులున్నాయి, ఆయన నడిచిన వీధి ఉంది. అమ్మ ఏడిస్తే పక్కన నువ్వున్నావు. వాడికి అక్కడ ఏముంది? ఇరవై ఆరేళ్ళ ఆ ఒక్క రాత్రి అలవాటును గట్టిగా పట్టుకున్నాడు. "నాన్న లాగే చెప్పిస్తాను" అన్న దాన్ని మాత్రం ఒప్పుకోకు. మీ నాన్నగారి చోట ఎవరూ కూర్చోనక్కర్లేదు, తెర మీద నుంచి అయితే అసలే వద్దు. మీకు రాత్రి తొమ్మిదైతే డాలస్‌లో అదే రోజు ఉదయం తొమ్మిదిన్నర. అక్కడ వాడి ఇంట్లోనూ క్రిస్మస్ పొద్దు. ఒక పదిహేను నిమిషాలు అందరూ మాట్లాడుకోండి, పిల్లలు పిల్లలతో కేకలు వేసుకోనీ. తర్వాత ఫోన్ అమ్మ చేతికిచ్చి మీరంతా హాల్లోంచి లేచి వెళ్ళండి. కొడుకూ తల్లీ మాట్లాడుకోనివ్వండి. ఫిబ్రవరి నుంచి వాళ్ళిద్దరూ ఎవరూ వినకుండా ఒక్కసారైనా మాట్లాడుకున్నారా? నాకు అనుమానమే.

ప్రింటింగ్ విషయంలో నేను పూర్తిగా నీ పక్కన ఉన్నాను. ఆ చాప మీద చెప్పిన మాట ఆ చాప మీద కూర్చున్నవాళ్ళ కోసం చెప్పింది. రాసింది నాన్నగారే అయినా మాట చెప్పినవాళ్ళది. 2013 పేజీ నీది, నీ అనుమతి లేకుండా అది మీ మరదలు కూడా చదవకూడదు. సంఘంలో మనవాళ్ళు మంచివాళ్ళే. అయినా ఒక ఆడపిల్ల కన్నీళ్ళ పేజీ మూడొందల ఇళ్ళకు వెళ్ళాక దాన్ని వెనక్కి తేలేం. తమ్ముడికి ఇలా చెప్పి చూడు: ప్రతి ఏడాదీ చివర్లో నాన్న తన కోసం రాసుకున్న నాలుగు ముక్కలు మాత్రం తీసి, చిన్న పుస్తకంగా వేద్దాం. ఆ నాలుగు ముక్కల్లో కూడా ఇంకొకరి సంగతి ఉంటే ఆ మనిషిని అడిగాకే. అమ్మ చూసి సరేనంటేనే ప్రెస్‌కి ఇద్దాం. వాడికి చేతినిండా పని దొరుకుతుంది, కూడికలో పంచడానికి ఒక మంచి జ్ఞాపకమూ ఉంటుంది.

ఈ మధ్యలో ఆ నోట్‌బుక్‌ను జాగ్రత్త చేయి. ప్రతి పేజీనీ పగటి వెలుతురులో ఫోటో తీసి రెండు చోట్ల దాచు. పేజీలు పాడవకుండా ఉంటాయని లామినేషన్ మాత్రం చేయించకు. ప్లాస్టిక్ వేడికి కాగితానికి శాశ్వతంగా అతుక్కుంటుంది, మళ్ళీ ఊడదీయలేం, లోపల కాగితం పాడైనా ఏమీ చేయలేం. మెత్తటి నూలు గుడ్డలో చుట్టి, తడి తగలని బీరువా అరలో పడుకోబెట్టు, చాలు.

ఇప్పుడు నువ్వు అడిగిన దానికి. కూర్చోండి. అమ్మ ఒప్పుకుంటే, కూర్చోండి.

ఎలా కూర్చోవాలో మీ నాన్నగారే 2020లో చూపించి వెళ్ళారు. తన తమ్ముడు, అంటే మీ చిన్నాన్న, పోయిన ఏడు ఆయన ఎవర్నీ మాట్లాడమనలేదు, అలవాటు తప్పకూడదని తానూ బలవంతాన మాట్లాడలేదు. తేదీ వేశారు, పేర్లు రాశారు. "నాన్న పెట్టిన అలవాటు" అని మీ తమ్ముడు అంటున్నాడే, ఈ మౌనం కూడా నాన్న పెట్టిందే అని వాడికి చెప్పు. ఈ ఏడూ అంతే చేయండి. ఎవరికైనా మాట వస్తే చెప్తారు, రాకపోతే లేదు. పేర్ల వరసలో నాన్నగారి పేరు ఉండాలా అన్నది అమ్మను అడుగు. ఉండాలంటే ఆమె ఎక్కడ రాయమంటే అక్కడ రాయండి.

ఆ రోజు రాత్రి చాప మీద కూర్చునే ముందు స్టవ్ ఆఫ్ చేసి ఉండాలి. గిన్నెలు తోమడం అయిపోయి ఉండాలి, లేదా పొద్దునకు వదిలేసి ఉండాలి. ఈ ఒక్కటి మర్చిపోకు.

25నే కూర్చోవాలని కూడా లేదు. సంఘ పంచాంగం ప్రకారం క్రిస్మస్ కాలం ఆ రోజుతో అయిపోదు. అక్కడి నుంచి పన్నెండు రోజులు, జనవరి 6న ఎపిఫనీ దాకా, అంటే తూర్పు దేశపు జ్ఞానులు వచ్చి బాలయేసును చూసిన పండుగ దాకా సాగుతుంది. మధ్యలో 31 రాత్రి వాచ్ నైట్, అంటే కొత్త ఏడాదిని ప్రార్థనతో ఆహ్వానించే ఆరాధన ఉంది. మన సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) వెస్లియన్, అంటే మెథడిస్టు మిషన్ నుంచి వచ్చిన సంఘాలకు కొత్త ఏడాది మొదట్లో నిబంధన ఆరాధన కూడా ఉంది. మెథడిస్టులకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మొదలుపెట్టిన ఆరాధన అది. నన్ను నిండుగా ఉంచినా నీ ఇష్టం, ఖాళీగా ఉంచినా నీ ఇష్టం అని దేవుడికి మనల్ని మళ్ళీ అప్పగించుకునే ప్రార్థన అందులో ఉంటుంది. భర్త పోయిన తర్వాత ఆ ప్రార్థన పలకడం ఎంత కష్టమో పలికినవాళ్ళకే తెలుసు. అమ్మకు క్రిస్మస్ రాత్రి మరీ బరువుగా ఉంటే, ఈ పన్నెండు రోజుల్లో ఆమెకు వీలైన రాత్రి కూర్చోండి.

26 కూడా మనకు సెలవే. ఆ రోజు మెదక్ వెళ్దామా అని అమ్మను ఒకసారి అడిగి చూడు. పోయినేడు నాన్నతో వెళ్ళిన చోటు కాబట్టి వద్దనవచ్చు, అప్పుడు మళ్ళీ ఆ ఊసెత్తకు. వెళ్దాం అంటే పొద్దున్నే బయల్దేరండి, వంద కిలోమీటర్ల లోపే కదా. 25న మాత్రం వద్దు, ఇసక వేస్తే రాలనంత జనంలో ఆమె నిలబడలేదు. ఆ అద్దాల కిటికీల బొమ్మలు బయట వెలుగున్నంతసేపే లోపలి నుంచి కనిపిస్తాయి కాబట్టి చీకటి పడకముందే లోపల కాసేపు కూర్చోండి. ఆ చర్చి గురించి ఎవరు చెప్పినా దాన్ని కట్టించిన పాస్నెట్ దొర పేరు చెప్తారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిందని, గోపురం 175 అడుగులని చెప్తారు. కరువు రోజుల్లో ఇంత తిండి కోసం అక్కడ రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు మాత్రం ఇళ్ళల్లో నోటి మాటగానే మిగిలాయి. మీ ముత్తాత పేరు ఆ నోట్‌బుక్‌లో ఉందా? లేకపోతే ఈ ఏడు రాయండి. ఆయన భార్య పేరు అమ్మకు తెలిసి ఉంటుంది, కోడళ్ళకు ఇలాంటివి తెలుస్తాయి. అదీ రాయండి.

బాబును కూర్చోమని బలవంతపెట్టకు. మార్కుల మాట ఎత్తినవాళ్ళు ఎవరో వాళ్ళు వాడికి సారీ చెప్తే బాగుంటుంది, వాళ్ళు చెప్పకపోతే అందరి తరఫున నువ్వు చెప్పు. ఆ చాప ప్రోగ్రెస్ కార్డు చూసే చోటు కాదని వాడికి నీ నోటితో వినపడాలి. తర్వాత 2010 పేజీ తెరిచి వాడి చేతికివ్వు, వాడు పుట్టిన ఏడాది కదా. తాత ఏం రాశారో ఒక్కడే చదువుకోనీ. ఆ రాత్రి పేర్లు రాసే పని వాడికిస్తే ఒప్పుకోవచ్చు. మాట్లాడటం కన్నా ఆ వయసు పిల్లలకు చేతికి ఒక పని ఉంటే కూర్చోవడం తేలిక.

ఒక్క విషయం గట్టిగా చెప్తాను. పది నెలలకు కూడా కన్నీళ్ళు రావడం, పండగ వద్దనిపించడం జబ్బు కాదు. కానీ అమ్మ తిండి బాగా తగ్గించినా, రాత్రుళ్ళు నిద్ర లేకపోయినా, "నేనూ ఆయనతోనే పోతే బాగుండేది" అన్న మాట పదే పదే అన్నా, ప్రార్థనతో పాటు డాక్టర్ దగ్గరకూ తీసుకెళ్ళు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

మిగిలింది పాప అడిగిన స్టార్. దీనికి మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాన్న 2004 సెప్టెంబర్‌లో పోయారు. అప్పుడు మేము తార్నాకలో ఉండేవాళ్ళం. డిసెంబర్ రాగానే మా అమ్మ కూడా మీ అమ్మ లాగే "ఈసారి ఏమీ వద్దు" అంది. మేము ఇంకేమీ అడగలేదు. అమ్మ మాట నిలబెట్టాలని అన్నీ ఆపేశాం. స్టార్ కట్టలేదు, కేకు చేయలేదు. క్యారల్స్‌కి మా ఇంటికి రావద్దని చర్చి యూత్ వాళ్ళకు అన్నయ్య చెప్పి వచ్చాడు. అయినా 23 రాత్రి ఒంటిగంటకు గేటు దగ్గర డోలక్ వినిపించింది. ఎవరో మర్చిపోయి ఉంటారు. అన్నయ్య లేచి హాల్లో లైటు తీసేశాడు. చీకట్లో అందరం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. ఒక చరణం పాడారు. తర్వాత బయట ఎవరో "వాళ్ళింట్లో ఈ ఏడు లేదురా, పదండి" అన్నారు. డోలక్ చప్పుడు పక్క వీధిలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు అమ్మ గదిలోంచి బయటికొచ్చింది. చీర సరిచేసుకుని, తల దువ్వుకుని ఉంది. "వెళ్ళిపోయారా?" అంది. మాకు ఏం చెప్పాలో తెలియలేదు. "మీ నాన్న ఒక్కసారి కూడా వాళ్ళకు టీ ఇవ్వకుండా పంపలేదు" అని మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆమె 2016లో పోయింది. ఆ రాత్రి గురించి మేము మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పటికీ డిసెంబర్‌లో ఎక్కడ డోలక్ విన్నా నాకు ఆ చీకటి హాలే గుర్తొస్తుంది.

కాబట్టి స్టార్ సంగతి పాపనే వెళ్ళి అమ్మమ్మను అడగమను. నువ్వు మధ్యలో ఉండకు. పెద్దవాళ్ళం అడిగితే రాని జవాబు ఆ పిల్ల అడిగితే రావచ్చు. వద్దంటే పాప చేత కాగితం స్టార్ ఒకటి చేయించి వాళ్ళ గదిలో, కిటికీకి లోపలి వైపు కట్టనివ్వు. క్యారల్స్ వాళ్ళ లిస్టులో మీ ఇల్లు తీసేయమని మాత్రం అమ్మను అడగకుండా ఎవరికీ చెప్పకు. ఆమె సరేనంటే, గట్టిగా వాయించకుండా ఒక్క పాట మెల్లగా పాడమని యూత్ లీడర్‌కి ముందే ఫోన్ చేసి చెప్పు. వాళ్ళు వచ్చే రాత్రి బాల్కనీలో లైటు వేసి ఉంచు. రెండు లీటర్ల పాలు ఎక్కువ తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టుకో. టీ మాత్రం నువ్వు పెట్టు, అమ్మను తలుపు దగ్గర నిలబడి విననివ్వు.